పెరటి తోఁటకు విత్తనముల యెన్నిక

అంగడినుండి వచ్చిన కూరగాయను మూఁడుమాఱులు కడిగి తరుగు నిల్లాలు, దాని విత్తన మెట్టిదో యొక్కమాఱైనను విచారింపదు. మొక్కకు మొదలు విత్తనమే గదా! ఇప్పుడు బాపట్ల జిల్లాలోనున్న వేటపాలెమునకుఁ బైనున్న గుంటూరు, ప్రకాశము మైదానములలో ప్రత్తి, మిరప చేలపైఁ జల్లు పురుగుమందు లెఱుఁగనివారు లేరు. పెరటిలోనైనను మందు సోఁకని కూర పండించి బిడ్డలకుఁ బెట్టవలెనని తల్లులు గోరుట సహజము. ఆ కోరిక తీరుటకు విత్తనముతోనే జాగ్రత్త మొదలు కావలయును.

సేంద్రియ విత్తన మనఁగా రసాయనపు టెరువులు, పురుగుమందులు వేయక పెంచిన మొక్కనుండి తీసి, పిదప నే మందును బట్టింపక దాఁచినది. సాధారణపు పొట్లములలోని గింజలకుఁ బలుమాఱు తైరమ్ వంటి బూజుమందును బట్టించి, గుర్తుగా నెఱ్ఱని రంగో నీలి రంగో పూయుదురు. అట్టి గింజలను బిడ్డల కందనీయరాదు. మిగిలినవానిని వండరాదు, కోళ్ళకు వేయరాదు. పొట్లముమీఁది అక్షరములు చదువుట నేర్చిన స్త్రీకి ఇది యెంత పని?

ప్రత్తివలెనే వంకాయలోను బీటీ గుణము చేరినదేమో యని కొందఱు జంకుచున్నారు. మన దేశమున బీటీ ప్రత్తికి 2002లో అనుమతి లభించినది. బీటీ వంకాయను మాత్రము కేంద్ర ప్రభుత్వము 2010 ఫిబ్రవరిలో నిలిపివేసినది. కావున నా జంకు వలదు. విచారింపవలసినది హైబ్రిడ్ సంగతి. పొట్లముపై ‘ఎఫ్-1’ అని యున్నచో నది సంకరజాతి. అది విషము కాదు. మొదటి కాపు బాగుగనే యుండును. కాని దాని గింజ దాఁచి మరల నాటినచో మొక్క కొక తీరుగాఁ గాయును. ఏటేట కొనక తప్పదు. అర్క వికాస్ టమాటా, భాగ్యమతి వంగ వంటి సూటి రకములైనచో గింజ దాఁచుకొనవచ్చును. రకము పేరు మంచిదైనంతమాత్రమున నది సేంద్రియము కాదు. రెండు ప్రశ్నలును వేఱువేఱుగా నడుగవలెను.

కొన్న గింజను నమ్మకముందు పరీక్షింపుఁడు. ఇరువది గింజలను తడిగుడ్డలో చుట్టి, గుడ్డ యాఱకుండఁ జూచుచు రెండు వారములు నీడ నుంచుఁడు. ప్రభుత్వ ప్రమాణము ప్రకారము వంగ, టమాటా గింజలు నూటికి 70, బెండ 65, మిరప 60 తక్కువ కాకుండ మొలవవలెను. అనఁగా నిరువదింట వంగ 14, మిరప 12 మొలిచిన మేలు.

విత్తనము దాఁచువారికి చిక్కుడు, టమాటా సులభము; వాని పూవు సాధారణముగఁ దనతోఁ దానే ఫలించును. మిరప యట్లు కాదు. చేని మిరప పుప్పొడిని తేనెటీఁగలు పెరటికి మోసికొని వచ్చును. మొగ్గ విచ్చకముందే కొమ్మకు పలుచని గుడ్డసంచి తొడిగి, లోపల పట్టిన కాయలకు దారము కట్టి గుర్తుంచుకొనుఁడు. నేఁత యూరగు వేటపాలెమున పలుచని గుడ్డకుఁ గొదువ యేమి? వంకాయను పసుపువన్నెకుఁ దిరుగువఱకు చెట్టుననే యుంచుఁడు. గింజలను నీడ నార్చి, మూఁత గట్టి సీసాలో పెట్టి, పేరును సంవత్సరమును వ్రాసి యంటింపుఁడు.

దాఁచిన విత్తనమును ఇరుగుపొరుగులతో మార్చుకొను హక్కును 2001 నాఁటి చట్టము రైతుల కిచ్చినది. జహీరాబాదు ప్రాంతపు పల్లె స్త్రీలు సంఘములుగాఁ గూడి పాతపంటల విత్తనములను నిలిపిరి. వారి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఈక్వేటర్ బహుమతి లభించినది.

వేటపాలెపు సారస్వత నికేతనము 1918లో స్థాపితమై పాత పత్రికలను నేఁటికిని భద్రపఱచుచున్నది. పుస్తకము బీరువాలో నున్నను నిలుచును. విత్తనము మాత్రము నాటిననే నిలుచును. ఈ యేఁడు ఒక్క చిక్కుడు పాదు గింజనైనను దాఁచి, మీ కూఁతురికిఁ గొంత, పొరుగింటి వదినెగారికిఁ గొంత పంచుఁడు.