చుక్కల లెక్క ఇల్లు మారిన వైనం

ఇల్లు మారడమంటే ఏమిటో మనకందరికీ తెలిసిందే. దేవుని పటాలు, బీరువా, మంచాలు, వంటసామాను ముందు బండి ఎక్కుతాయి. చిట్టచివర అటక మీద ఒక కాగితాల మూట మిగులుతుంది. దాన్ని చూసి "ఇదెందుకు, దండగ" అంటాం. ఈ వ్యాసం అలాంటి మూట ఒకదాన్ని గురించి. ఆకాశంలో చుక్కలు చూడడం తప్ప వేరే ఆశ లేని కొందరు మామూలు మనుషులు నలభై రెండేళ్ళపాటు రాసి కూడబెట్టిన లెక్క అది. 1953లో దానికి నిలువనీడ లేకుండా పోయింది. అయినా అది చెదిరిపోలేదు. ఎందుకు చెదరలేదో తెలుసుకుంటే మనకు గూడా పనికొస్తుందని నా నమ్మకం.

అసలు ఈ సంగతి మీద నాకు పట్టుదల కలగడానికి కారణం మా ఇల్లే. మాది వేరుశనగ పండించే మెట్టప్రాంతం. మా తాత ప్రతి ఏడూ పంచాంగం కొని, కార్తె కార్తెకూ అంచుల్లో పెన్సిలుతో వాన లెక్క రాసేవాడు. "ఆరుద్ర - మంచి పదును", "మఖ - చినుకు లేదు", "ఉత్తర - కుంటకు నీళ్ళు" ఇలాగ. ముప్పై ఏళ్ళకు పైబడిన పంచాంగాలు కట్టగట్టి పెట్టుకున్నాడు. కొత్తిల్లు కట్టేటప్పుడు సామానంతా పశువుల కొట్టంలోకి మార్చాం. ఆ గందరగోళంలో కట్ట కాస్తా పాతపేపర్లు కొనేవాడి తక్కెడలోకి పోయింది. కావాలని ఎవరూ అమ్మలేదు. "పోనీలేరా, వాన సంగతి నాకు తెలుసు గదా" అన్నాడు తాత. ఇప్పుడు ఆయనా లేడు. మా ఊళ్ళో ఏ ఏడు ఏ కార్తె తప్పిందో చెప్పే కాగితం గానీ, మనిషి గానీ మా ఇంట్లో లేకుండా పోయారు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆకాశంలో కొన్ని నక్షత్రాల వెలుగు స్థిరంగా వుండదు. కొన్ని రోజుల్లోనో, నెలల్లోనో పెరిగి తరుగుతూ వుంటుంది. వీటిని చరకాంతి తారలు అంటారు. వీటి పెరుగుదల, తరుగుదల చూస్తే ఆ నక్షత్రం లోపల ఏం జరుగుతున్నదో ఊహించవచ్చు. అయితే చిక్కేమిటంటే, ఇలాంటివి వేలకొద్దీ వున్నాయి. ప్రతిదాన్నీ ఏళ్ళ తరబడి విడవకుండా చూడాలి. పెద్ద పెద్ద వేధశాలలకు అంత తీరిక లేదు. కాబట్టి హార్వర్డ్ వేధశాల డైరెక్టరు ఎడ్వర్డ్ పికరింగ్ ఈ పనికి అభిరుచిగల సామాన్యులను ప్రోత్సహించాడు. 1911లో విలియం టైలర్ ఆల్కాట్ అనే న్యాయవాది అలాంటివాళ్ళను కూడగట్టి ఒక సంఘం పెట్టాడు. దాని పేరు అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్. సభ్యులు ఎక్కడెక్కడి నుంచో లెక్కలు పంపితే, అవి హార్వర్డ్ వేధశాలలోనే ఒకచోట భద్రమయ్యేవి.

వెలుగును కంటితో కొలవడం ఎలా? ఇది మనం కూడా చేయగల పనే. నక్షత్రాల వెలుగుకు ప్రకాశాంకం అని ఒక అంకె వుంటుంది. తరగతిలో ర్యాంకు మాదిరే, అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ. మారని నక్షత్రాలు రెండింటిని ఎన్నుకోవాలి. ఒకటి మన తారకన్నా కాస్త ఎక్కువ వెలుగుది, ఇంకొకటి కాస్త తక్కువది. మన తార వాటి మధ్య ఎక్కడ నిలుస్తుందో అంచనా కట్టాలి. ఒకదాని అంకె 8.0, రెండోదాని అంకె 8.6 అనుకుందాం. మనది సరిగ్గా నడుమ వున్నట్టు తోస్తే 8.3 అని రాసుకోవాలి. అంతే. దీనికి డిగ్రీలు అక్కర్లేదు, ఓపిక కావాలి.

ఓపిక అంటే ఎంతటిదో చెప్పడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ వుంది. బెంగాలులోని జెస్సోరులో రాధాగోవింద చంద్ర అనే ఆయన ప్రభుత్వ ఖజానాలో చిన్న ఉద్యోగి. ఖగోళశాస్త్రం ఏ కళాశాలలోనూ చదవలేదు. ఆయన ఈ సంఘంలో చేరి, దశాబ్దాలపాటు రాత్రిళ్ళు మేలుకొని 37,000కు పైగా పరిశీలనలు చేశాడు. ఆ పనితనం మెచ్చి సంఘం 1926లో ఒక 6 అంగుళాల దూరదర్శినిని ఎరువుగా పంపింది. దేశవిభజన తర్వాత ఆయన ఊరు వదిలి పశ్చిమ బెంగాలుకు రావలసి వచ్చింది. ఆయన చూపు ఆగాక ఆ దూరదర్శిని వైనూ బప్పు గారికి చేరి, చివరకు తమిళనాడులోని కావలూరు వేధశాలకు వెళ్ళింది.

ఈ బప్పు గారికీ మన హైదరాబాదుకూ దగ్గర సంబంధం వుంది. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేశారు. బప్పు గారు నిజాం కాలేజీలో చదువుతూనే చరకాంతి తారలను పరిశీలించి వ్యాసాలు ప్రచురించారు. హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనంతో 1949లో హార్వర్డ్‌కు వెళ్ళారు. ఆయన అక్కడ చదువుకునే నాటికి చుక్కల లెక్కల మూట గూడా ఆ వేధశాల నీడనే వుంది.

మరి ఆ నీడ 1953లో ఎందుకు పోయింది? వేధశాలకు డబ్బు ఇబ్బంది. డైరెక్టరు డొనాల్డ్ మెంజెల్ కొత్తరకం పరిశోధనలకు చోటూ ఖర్చూ మిగల్చాలనుకున్నాడు. దాంతో సంఘానికీ విశ్వవిద్యాలయానికీ సంబంధం తెగిపోయింది. అంతవరకు "మనది" అనుకున్న గది మనది కాదని ఒక్కసారిగా తెలిసింది. మా ఊళ్ళో కౌలు రైతును అడిగితే ఈ బాధ ఏమిటో బాగా చెబుతాడు. పదేళ్ళు దున్ని, ఎరువు తోలి, గట్లు వేసిన చేను గూడా కౌలుచేనే.

అప్పుడు సంఘాన్ని నడుపుతున్నది మార్గరెట్ మాయెల్ అనే ఆవిడ. ఆవిడ లక్షలాది పరిశీలనల పుస్తకాలూ, పటాలూ సర్దుకొని అదే కేంబ్రిడ్జి పట్టణంలో బ్రాటిల్ వీధిలోని అద్దె గదిలోకి మారింది. రాబడి అంతంత మాత్రం. అయినా పరిశీలకులకు ఉత్తరాలు ఆగలేదు, వాళ్ళ లెక్కలూ ఆగలేదు. 1973దాకా ఆవిడ ఆ బరువు మోసింది. తర్వాత టర్కీ దేశం నుంచి వచ్చిన జానెట్ మాటెయ్ 2004దాకా మోసింది. సొంత భవనం సమకూరి, 1986లో దాన్ని క్లింటన్ ఫోర్డ్ అనే సభ్యుని పేరిట అంకితం చేసేనాటికి ముప్పై ఏళ్ళు దాటింది.

ఇక్కడ గమనించవలసిన చిత్రం ఒకటుంది. హార్వర్డ్ వేధశాల అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఆకాశాన్ని గాజుపలకల మీద ఫోటోలు తీస్తూ వచ్చింది. అక్కడ ఇంచుమించు 5 లక్షల పలకలున్నాయి. 1953లో పొదుపు కోసం ఆ పని గూడా ఆపేశారు. మళ్ళీ 1960ల చివరికి గానీ మొదలు కాలేదు. ఆ ఖాళీని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ "మెంజెల్ గ్యాప్" అంటారు. ఆ రాత్రుల ఆకాశాన్ని ఇప్పుడు పోయి ఫోటో తీయలేం గదా! ఇల్లున్నవాడి లెక్కలో గండి పడింది. ఇల్లు పోయినవాళ్ళ లెక్క మాత్రం సాగింది.

సాగడానికి మాయెల్ గారి పట్టుదల ఒక కారణం. రెండోది, ఆ లెక్క రాసిన పద్ధతి. ప్రతి పరిశీలనలోనూ మూడు సంగతులు తప్పనిసరి.

మొదటిది, ఎప్పుడు చూశారు. ఒక్కో దేశానికి ఒక్కో గడియారం కాబట్టి, వీళ్ళు జూలియన్ దినసంఖ్య వాడతారు. క్రీ.పూ. 4713 జనవరి 1 మధ్యాహ్నం నుంచి వరసగా లెక్కించిన రోజుల సంఖ్య అది. 2000 జనవరి 1న గ్రీనిచ్ మధ్యాహ్నానికి అది 24,51,545. జెస్సోరులో రాసినా, అమెరికాలో రాసినా అంకె ఒకటే.

రెండవది, ఎవరు చూశారు. ప్రతి పరిశీలకునికీ కొన్ని అక్షరాల గుర్తు వుంటుంది. ఎవరి కన్ను ఎర్రచుక్కను కాస్త ఎక్కువ వెలుగుగా చూస్తుందో తర్వాత సరిచూడాలంటే ఆ గుర్తు వుండాలి. పైగా, కష్టపడినవాడి పేరు పోకూడదు.

మూడవది, దేనితో పోల్చారు. అందరికీ ఒకే పటాలు, ఒకే పోలికచుక్కలు. నా 8.3, మీ 8.3 ఒకటి కావాలంటే ఇదే దారి.

ఈ మూడూ వున్నందువల్లే ఆ లెక్కను ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. 1960లలో దాన్ని పంచ్ కార్డులకెక్కించడం మొదలుపెట్టారు. అట్టముక్కకు 80 గళ్ళు. తేదీకి కొన్ని, తారకు కొన్ని, అంకెకు కొన్ని. తర్వాత 1911 నాటి పాత పరిశీలనలను సైతం కంప్యూటరులోకి ఎక్కించారు. ఇప్పుడు పరిశీలనలు 5 కోట్లు దాటాయి. ఏ దేశంవాళ్ళయినా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. పుస్తకం పోయి అట్ట వచ్చింది, అట్ట పోయి యంత్రం వచ్చింది. గళ్ళలోని సంగతి మారలేదు.

ఇంతా చేసి ఏం ఒరిగింది అంటారా? హంస మండలంలో ఎస్.ఎస్. సిగ్ని అని ఒక తార వుంది. అది నిజానికి జంట. అందులోని తెల్లమరుగుజ్జు తార పక్కదాని పదార్థాన్ని లాగుతుంది. అది చుట్టూ పళ్ళెంలాగా పేరుకొని, ఇంచుమించు యాభై రోజులకొకసారి భగ్గుమంటుంది. హబుల్ దూరదర్శిని కొలత ప్రకారం అది 520 కాంతి సంవత్సరాల దూరంలో వున్నట్టు తేలింది. అంత దూరమైతే అది భగ్గుమనే తీరుకు చెప్పిన సిద్ధాంతమే తప్పవుతుంది! రేడియో దూరదర్శినులతో మళ్ళీ కొలుద్దామంటే, అది భగ్గుమన్నప్పుడే రేడియో తరంగాలు పంపుతుంది. ఎప్పుడు భగ్గుమంటుందో కాపలా కాసి చెప్పింది మన సంఘం పరిశీలకులే. 2013లో ప్రకటించిన ఆ ఫలితం 370 కాంతి సంవత్సరాలు. సిద్ధాంతం నిలబడింది. పెరట్లో నిలబడి చుక్కలు చూసేవాళ్ళు వేధశాలల తగవు తీర్చారన్నమాట.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2020 ఫిబ్రవరిలో నేను తొమ్మిదో తరగతి. బోరు కింద వేసిన వేరుశనగకు అడవిపందుల బెడద. నాయనతో పాటు మంచె మీద కాపలాకు పోయేవాణ్ణి. ఆరుద్ర కార్తెకు పేరిచ్చిన ఆ ఆర్ద్ర నక్షత్రం, ఎప్పుడూ ఎర్రగా మెరిసేది, ఆ రోజుల్లో వెలవెలబోయింది. మామూలుగా 0.5 దగ్గర వుండే ప్రకాశాంకం 1.6కు పడింది. దాని నుంచి వెలువడిన ధూళి అడ్డం రావడం, దాని ఉపరితలం కొంత చల్లబడడం అందుకు కారణాలని తర్వాత తెలిసింది. నాకూ తేడా తెలిసింది. రఫ్ నోట్సు చివరిపేజీలో "ఆరుద్ర పక్క చుక్కంతే వుంది" అని రాసుకున్నాను. తేదీ రాయలేదు. ఏ పక్క చుక్కో రాయలేదు. నా కళ్ళతో చూసిన ఒక అపురూపమైన సంగతి నా చేతిలోనే కొరగాకుండా పోయింది. తాత పంచాంగాలు పోయాయని బాధపడే హక్కు నాకు ఎంతవరకు వుందా అనిపిస్తుంది.

మిత్రులారా, మన కళాశాలలో ఏ హాబీ క్లబ్బును తీసుకున్నా ఆయుర్దాయం మూడేళ్ళే. సీనియర్లు వెళ్ళిపోతారు, గది మారుతుంది, బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. పక్షులు చూసినవాళ్ళు, మొక్కలు సేకరించినవాళ్ళు, వాన కొలిచినవాళ్ళు ఎందరో వుండి వుంటారు. వాళ్ళ పుస్తకాలేవీ? గది ఎప్పుడూ మనది కాదు. ఎవరో దయతలచి ఇచ్చినదే. రేపు పొమ్మంటే పోవలసిందే. కాబట్టి పొమ్మనక ముందే మూట సర్దుకొని వుండాలి. ఎప్పుడు, ఎవరు, దేనితో పోల్చి అనే మూడు గళ్ళు తప్పకుండా నింపాలి. ప్రతులు రెండు వుండాలి, రెండూ ఒకే చూరు కింద వుండకూడదు. కొత్తదానిలోకి ఎక్కించాక, పక్కపక్కన పెట్టి సరిచూసేదాకా పాతది పారేయకూడదు.

పోయిన ఆరుద్ర కార్తెలో నేను ఒక పుస్తకం మొదలుపెట్టాను. ఎడమ పేజీలో వాన, కుడి పేజీలో చుక్క. తేదీ, పేరు, కొలత వరసగా రాస్తున్నాను. ఒక ప్రతి హాస్టలులో వుంది, ఇంకొకటి ఊళ్ళో మా నాయన దగ్గర వుంది. వచ్చే ఏప్రిల్‌తో నా చదువు అయిపోతుంది. ఈ పుస్తకం అందుకోవడానికి మొదటి సంవత్సరం విద్యార్థి ఒకరు కావాలి. దూరదర్శిని అక్కర్లేదు, మార్కులు అడగను. రాత్రి భోజనాలయ్యాక హాస్టలు మేడ మీదికి రండి.