మీకు తెలుసా? చక్రాన్ని తానే ఎత్తుకునే కారు

ఫ్రాన్స్‌లో తయారైన సిట్రోయెన్ డీఎస్ కారుకు టైరు మార్చాలంటే జాకీ అక్కర్లేదు. దాని సస్పెన్షనే చక్రాన్ని నేల మీంచి పైకి లేపుతుంది!

1955 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో తొలిసారి కనిపించిన ఈ కారులో ఉక్కు స్ప్రింగుల పనిని నైట్రోజన్ వాయువు, అధిక ఒత్తిడిలో ఉండే ద్రవం కలిసి చేసేవి. ఇంజనుతో తిరిగే పంపు ఆ ఒత్తిడిని అందించేది. డ్రైవరు దగ్గరున్న లీవరును జరిపితే బాడీ మొత్తం పైకి లేస్తుంది. అప్పుడు పంక్చరైన వైపు బాడీ కింద ఒక స్టాండు నిలబెట్టి, లీవరును అట్టడుగుకు తేవాలి. బాడీ దిగబోతుంది గానీ స్టాండు దిగనివ్వదు. దాంతో దిగాల్సిన బాడీ అక్కడే ఆగి, ఆ వైపు చక్రాలే పైకి లేస్తాయి. ఎంత అందమైన ఆలోచనో!

వెనక చక్రాన్ని సగం కప్పేసే ఫెండర్‌ను కూడా ఒకే ఒక్క బోల్టు విప్పి తీసేయవచ్చు.

అయితే ఆ స్టాండు టైరు మార్చడానికే. ద్రవం ఒత్తిడి పడిపోతే ఈ కారు నేలకు కుంగిపోతుంది. అందుకే కిందికి దూరి రిపేరు చేయాలంటే, చదునైన గట్టి నేల మీద చక్రాలకు అడ్డు పెట్టి, బరువు మోయగల స్టాండ్ల మీద బాడీని నిలబెట్టి తీరాలి. మామూలు కారును హైడ్రాలిక్ జాకీతో ఎత్తినా ఇదే జాగ్రత్త: సీలు లీకైతే అదీ దిగిపోతుంది.