జముకు పట్టేదెవరు?

కోటబొమ్మాళి దాటి ఉత్తరంగా పోతే పలాస దగ్గర బొడ్డపాడు. అక్కడి గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి, పల్లెజనం మరిగిన జముకుల కథలోకి గిరిజనుల గోడు తెచ్చారు. 1969 డిసెంబరులో పోలీసు తూటాలకు బలయ్యారు. తర్వాత ఉత్తరాంధ్ర పోరుపాటను వంగపండు ప్రసాదరావు కాలికి గజ్జె కట్టి ఊరూరా వినిపించారు. 2020లో ఆయనా కన్నుమూశారు.

ఇలాంటి పాటకు సంగీత పాఠాలు అక్కర్లేదు. చేతిలో జముకు, కడుపులో మంట ఉంటే చాలు. అమెరికాలోనూ అంతే! 1980 ప్రాంతంలో వాషింగ్టన్ కుర్రాళ్లు గిటార్లు పట్టి, నిమిషంలో ముగిసే పాటలు గొంతు చించుకుని పాడారు. పెద్ద కంపెనీల గడప తొక్కకుండా రికార్డులు సొంతంగా వేసుకున్నారు. ఆ హార్డ్‌కోర్ పంక్‌ను అప్పటికి పుట్టని పిల్లలు ఇప్పుడు విని వాయిస్తున్నారు. వాళ్లకు రికార్డులున్నాయి. జముకుల కథ మాత్రం గురువు నోటి నుంచి శిష్యుడికి రావాల్సిందే.