బలవంతపు వాహనాపహరణ ప్రత్యేక నేరం: మేరీల్యాండ్ చట్టం – ఒక పరిశీలన

నిలిపి ఉంచిన వాహనాన్ని యజమాని లేని సమయంలో తీసుకుపోవడం దొంగతనం. వాహనంలో ఉన్న వ్యక్తిని బెదిరించి, కొట్టి, బయటకు నెట్టి అదే వాహనాన్ని స్వాధీనం చేసుకోవడం అంతకంటే తీవ్రమైన చర్య. మొదటిదానిలో నష్టపోయేది ఆస్తి మాత్రమే కాగా, రెండవదానిలో మనిషి ప్రాణమే ప్రమాదంలో పడుతుంది. అమెరికాలో ‘కార్‌జాకింగ్’గా వ్యవహరించే ఈ చర్యను 1990 దశకంలో పలు రాష్ట్రాలు ప్రత్యేక నేరంగా నిర్వచించాయి. వాటిలో మేరీల్యాండ్ రాష్ట్రం 1993లో చేసిన చట్టం ప్రత్యేకంగా పరిశీలించదగినది.

చట్టానికి నేపథ్యం

1992 సెప్టెంబరు 8వ తేదీ ఉదయం మేరీల్యాండ్ రాష్ట్రంలోని హోవర్డ్ కౌంటీ, సావేజ్ ప్రాంతంలో 34 సంవత్సరాల వయస్సు గల ఒక రసాయన శాస్త్రవేత్త తన 22 నెలల కుమార్తెను తొలిరోజు శిశు పాఠశాలకు తీసుకువెళ్తున్నారు. ఇద్దరు వ్యక్తులు కారును అడ్డగించి ఆమెను బయటకు నెట్టివేశారు. సీటు బెల్టులో చేయి చిక్కుకుపోయిన ఆ తల్లిని కారు మైలుకు పైగా ఈడ్చుకుపోయింది. ఆమె మరణించారు. నిందితులు పాపను కూర్చున్న సీటుతో సహా రోడ్డుపైకి విసిరివేయగా, అదృష్టవశాత్తు పాప ప్రాణాలతో బయటపడింది. తదుపరి విచారణలో నిందితులు ఇరువురికీ యావజ్జీవ కారాగార శిక్షలు పడ్డాయి.

ఆ శిక్షలు ప్రధానంగా హత్యానేరానికి విధించినవి. ఆ తల్లి గాయాలతో బయటపడి ఉంటే నిందితులపై ఏ నేరం మోపవలసి వచ్చేది, దానికి గరిష్ఠ శిక్ష ఎంత అన్న ప్రశ్నకు ఈ ఘటన ప్రాముఖ్యం కల్పించింది. మరుసటి సంవత్సరం రాష్ట్ర శాసనసభ ఆమోదించిన చట్టం ఆ ప్రశ్నకు సమాధానంగా నిలిచింది.

పాత నిబంధనలతో చిక్కు

ఆంగ్ల న్యాయ సంప్రదాయం ప్రకారం దొంగతనం రుజువు కావాలంటే ఆస్తిని యజమానికి శాశ్వతంగా దక్కకుండా చేయాలన్న ఉద్దేశం ఉన్నట్లు నిరూపించాలి. దొంగతనానికి బలప్రయోగం లేదా భయపెట్టడం తోడైతే అది దోపిడీ అవుతుంది. కావున దోపిడీకి కూడా అదే ఉద్దేశాన్ని నిరూపించవలసి ఉంటుంది. అయితే బలవంతంగా తీసుకున్న కారును కొంత దూరం నడిపి వదిలివేసిన నిందితుడు, దానిని ఉంచుకోవాలన్న ఉద్దేశం తనకు లేదని వాదించే అవకాశం ఉంది. బాధితునికి కలిగిన భయం, గాయం ఈ వాదనతో తగ్గిపోవు.

చట్టంలోని ముఖ్యాంశాలు

వాహనం వాస్తవంగా ఎవరి స్వాధీనంలో ఉన్నదో ఆ వ్యక్తి నుండి బలప్రయోగంతో గానీ, హింసతో గానీ, బెదిరించి భయపెట్టి గానీ అనధికారికంగా వాహనాన్ని లేదా దానిపై నియంత్రణను చేజిక్కించుకోవడం నేరం. బాధితుడు వాహన యజమానే కానవసరం లేదు. ఆ సమయంలో మారణాయుధాన్ని ప్రయోగించినా, ప్రదర్శించినా అది సాయుధ వాహనాపహరణ అవుతుంది.

ఈ రెండు నేరాలకూ గరిష్ఠ శిక్ష 30 సంవత్సరాల కారాగారం. ఆ రాష్ట్రంలో సాధారణ దోపిడీకి గరిష్ఠంగా 15 సంవత్సరాలు, ఆయుధంతో చేసిన దోపిడీకి 20 సంవత్సరాలు శిక్ష ఉండటం గమనార్హం. అదే ఘటనలో ఇతర నేరాలకు విధించే శిక్షలతో సంబంధం లేకుండా, ఈ శిక్షను విడిగా, ఒకదాని తరువాత ఒకటిగా అమలయ్యేలా విధించడానికి చట్టం వీలు కల్పిస్తున్నది. వాహనాన్ని శాశ్వతంగా ఉంచుకునే ఉద్దేశం లేదన్నది నిందితునికి రక్షణ కాబోదని కూడా స్పష్టం చేసింది.

కాలిఫోర్నియా రాష్ట్రం సైతం 1993లోనే ఇటువంటి చట్టం చేసింది. తాత్కాలికంగా వాహనాన్ని దక్కకుండా చేసే ఉద్దేశం ఉన్నా నేరమేనని అది పేర్కొన్నది. ప్రయాణికుని సమక్షం నుండి వాహనాన్ని లాక్కోవడాన్ని కూడా నిర్వచనంలో చేర్చింది. అంతకు ముందు, 1992 అక్టోబరులో వచ్చిన ఫెడరల్ చట్టం నిందితుని వద్ద తుపాకీ ఉండాలన్న షరతు విధించింది. 1994లో ఆ షరతును తొలగించి, ప్రాణహాని లేదా తీవ్ర గాయం కలిగించే ఉద్దేశాన్ని చేర్చారు.

మన చట్టాల తీరు

భారతదేశంలో బలవంతపు వాహనాపహరణకు ప్రత్యేకమైన సెక్షను లేదు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది దోపిడీకి సంబంధించిన 309వ సెక్షను పరిధిలోకి వస్తుంది. దీనికి 10 సంవత్సరాల వరకు, సూర్యాస్తమయం నుండి సూర్యోదయం వరకు గల సమయంలో రహదారిపై జరిగితే 14 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష విధించవచ్చు. దోపిడీలో గాయపరిస్తే యావజ్జీవ శిక్షకు కూడా అవకాశం ఉంది. మారణాయుధాన్ని ఉపయోగిస్తే 311వ సెక్షను ప్రకారం శిక్ష 7 సంవత్సరాలకు తగ్గరాదు.

అమెరికా రాష్ట్రాలను ఇబ్బంది పెట్టిన శాశ్వత ఉద్దేశం అన్న చిక్కు మన చట్టంలో లేదు. జోధ్‌పూర్‌లో శిక్షణ పొందుతున్న ఒక వైమానిక క్యాడెట్ అనుమతి లేకుండా విమానాన్ని తీసుకుపోయిన కేసులో, ఆస్తిని తాత్కాలికంగా దక్కకుండా చేసినా దొంగతనమేనని సుప్రీంకోర్టు 1957లోనే తీర్పు చెప్పింది.

అయినప్పటికీ మేరీల్యాండ్ అనుభవం నుండి గ్రహించవలసిన అంశం ఒకటి ఉంది. నేరం పేరు సరిగా లేకపోతే బాధితుడు కనుమరుగై, వాహనం మాత్రమే మిగులుతుంది. కావున ప్రథమ సమాచార నివేదికలో వాహనం వివరాలతో పాటు అందులో ఎవరు ఉన్నారు, ఏ విధమైన బలప్రయోగం జరిగింది, ఆయుధం ఉన్నదా, ఏ సమయంలో, ఏ రహదారిపై జరిగింది అన్న అంశాలు తప్పక నమోదు కావాలి. వర్తించే సెక్షను, తద్వారా శిక్ష వీటిపైనే ఆధారపడి ఉంటాయి. పాత్రికేయులు సైతం ఇటువంటి ఘటనలను ‘కారు చోరీ’గా కాక దోపిడీగా పేర్కొనడం ద్వారా నేర తీవ్రతను ప్రజలకు యథాతథంగా తెలియజేసినవారవుతారు.