ఎగరలేని పాలపిట్టకు ఇల్లెక్కడ?

దసరా నాడు జమ్మిచెట్టు దగ్గరికి పోయేటప్పుడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని మన పెద్దల నమ్మకం. రావణుడి మీదికి యుద్ధానికి బయలుదేరిన రాముడికి ఈ పిట్ట కనిపించిందని కథ చెప్తారు. తెలంగాణ ఏర్పడిన 2014లో రాష్ట్ర పక్షిగా దీన్నే ఎంచుకున్నారు. మన కోస్గి చుట్టుపక్కల చేన్లలో, కరెంటు తీగల మీద కూర్చుని మిడతల కోసం కాచుకునే నీలిరెక్కల పిట్ట ఇదే.

పై చదువుకు హైదరాబాదు వెళ్లాక మాకు తెలిసిన సంగతి వేరు. నగరంలో తీగ మీద పాలపిట్ట కనబడడం కష్టం. అందుకని దసరా ముందు కొందరు వీటిని పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకొని చూపిస్తారు. ఎగిరిపోకుండా కాళ్లు కడతారు, రెక్కలు కత్తిరిస్తారు, జిగురు కూడా పూస్తారు. శుభం కోసం చూసే పిట్టకు జరిగే శుభం ఇదీ! జాలిపడి కొని వదిలేద్దామన్నా లాభం లేదు. ఆ డబ్బుతో పట్టేవాడు మరో నాలుగు పిట్టలు పడతాడు. అటవీ శాఖ వాళ్లు, జంతు సంరక్షణ సంఘాల వాళ్లు దాడులు చేసి విడిపిస్తుంటారు గానీ, విడిపించిన పిట్టలన్నీ ఎగరలేవు. మరి ఎగరలేని దాన్ని ఎక్కడ పెట్టాలి?

అంతకంటే ముందు, అది ఇక ఎగరదని ఎవరు తేల్చాలి? ఇది చూడగానే చెప్పేది కాదు. కత్తిరించిన ఈక మన గోరులాగా పెరగదు. అది రాలిపోయి దాని చోట కొత్త ఈక రావాలి. అందుకు నెలలు పట్టవచ్చు, కానీ వచ్చాక పిట్ట మళ్లీ ఎగురుతుంది. ఎముక విరిగితే సంగతి వేరు. పక్షి ఎముకలు పలుచన, చాలావరకు లోపల డొల్ల. అయినా మన ఎముకల కన్నా తొందరగా, సుమారు మూడు వారాల్లో అతుక్కుంటాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ రోజులు సరైన కట్టు లేకుండా గడిస్తే ఎముక వంకరగా అతుక్కుంటుంది. తర్వాత పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోయినా రెక్క పూర్తిగా చాచడం దానికి రాకపోవచ్చు. "నాలుగు రోజులు మన రూంలో పెట్టుకుందాం, అదే తగ్గుతుంది" అనే జాలి మాటే బాగుపడాల్సిన పిట్టను జన్మంతా అవిటిదాన్ని చేస్తుంది. గుడ్డి ఈకలు కూడా రాని పిల్లను మనుషుల మధ్యే చేతితో తినిపించి పెంచినా ఇంతే. అది మనిషికి అలవాటుపడి, తన జాతితో బతకడం నేర్చుకోదు.

నిజంగానే ఎగరలేదని వైద్యులు తేల్చిన పిట్టకు కావలసింది పంజరం కాదు. పాలపిట్ట ఎత్తున కూర్చుని కిందికి చూసే పక్షి. ఎగరలేకపోయినా ఎత్తు కావాలి కాబట్టి కింది నుండి పైదాకా కొమ్మలను మెట్లలాగా అమర్చాలి. ఒకే లావు ఉన్న గట్టి కర్ర మీద ఎప్పుడూ కూర్చుంటే పాదాలకు పుండ్లు పడతాయి. అందుకని రకరకాల లావు కొమ్మలు పెడతారు, కొన్నిటికి తాడు చుడతారు. తిండికి మిడతలు, పురుగులు ఉండాలి, అన్నం మెతుకులు కాదు. గుంపు చూపుల నుండి దాక్కునే చోటు ఉండాలి. హాస్టల్లో చేరిన మొదటి వారం మనలో ఎవరికి గుర్తులేదు? కొత్త చోటు అలవాటు కావాలంటే తిండి ఒక్కటే చాలదని మనకు వేరే చెప్పాలా!

ఇలాంటి చోట్లు మన తెలుగు నేల మీద ఇదివరకు జంతువులకు కట్టారు. సర్కసుల్లో పులులను, సింహాలను ఆడించడాన్ని కేంద్రం 1998లో నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది. బోనుల్లో పెరిగిన ఆ సింహాలు అడవిలో బతకలేవు. అందుకే తిరుపతి, విశాఖపట్నం జూల దగ్గర రక్షణ కేంద్రాలు పెట్టి వాటిని చివరిదాకా పోషించారు. పక్షికి అంత పెద్ద స్థలం అక్కర్లేదు గానీ, ప్రతి పక్షికీ చోటు దొరుకుతుందని చెప్పలేం. నొప్పితో తినలేక తీసుకుంటున్న దాన్ని వైద్యులే బాధ లేకుండా పోనివ్వాల్సి వస్తుంది కూడా. వినడానికి కష్టమే, కానీ అదీ ఇందులో భాగమే.

ఈ నిర్ణయాలేవీ మనవి కావు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలా దొరికిన పక్షి ప్రభుత్వ ఆస్తి. మన చేతికి వచ్చిన 48 గంటల్లో పోలీస్ స్టేషనుకో, అటవీ అధికారికో తెలపాలి. జూలకు సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు ఉండాలి. 2022 సవరణ తర్వాత ఈ చట్టం కింద మామూలు నేరాలకు కూడా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

తమ్ముళ్లారా, గాయపడిన పాలపిట్ట మీకు దొరికితే చేయాల్సింది కొంచెమే. అట్టపెట్టెకు గాలి రంధ్రాలు పెట్టి, అడుగున పాతబట్ట పరిచి, పిట్టను మెల్లగా అందులో పెట్టి మూయండి. చీకట్లో దాని భయం తగ్గుతుంది. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు అసలే వద్దు. మాటిమాటికీ మూత తీసి చూడకండి. వార్డెన్ సారుకు చెప్పి అదే రోజు నారాయణపేట జిల్లా అటవీ అధికారులకు కబురు చేయించండి, ఎక్కడ దొరికిందో చీటీ మీద రాసి పెట్టెకు అంటించండి. పిట్ట బాగుపడితే దాన్ని తిరిగి వదలాల్సింది ఆ చోటులోనే.