ఆరనివ్వండి

ప్రియులారా, తీరిక వేళల్లో ఉలి పట్టి బొమ్మలు చెక్కాలని మీలో కొందరికి ఆశ. మన మైలవరానికి పొరుగున ఉన్న కొండపల్లి పనివారిని గమనించండి. తెల్ల పొణికి కర్ర మెత్తనిది, ఉలికి సులువుగా లొంగుతుంది. అయినా వారు తొందరపడరు. ముందు సన్నని సెగపై కర్రలోని చెమ్మ తీసివేస్తారు. పచ్చి కర్ర ఎండుతూ కుంచించుకొంటే అతుకు వదులుతుంది కదా! కాళ్లు, చేతులు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అది ఆరాలి. తరువాత సున్నపు పూత. అదీ ఆరాలి. ఆపైనే రంగులు.

నిర్గమకాండము 31వ అధ్యాయములో బెసలేలుకు అప్పగింపబడిన పనులలో కర్ర చెక్కడమూ ఉన్నది. అది చిన్న పని కాదు. కొత్తవారు ఓడిపోయేది ఉలి దగ్గర కాదు, ఈ ఎదురుచూపు దగ్గరే అని నా తలంపు. రంగు డబ్బా మూత తీయడానికి ఎంత ఆత్రమో! కాబట్టి ఈ వారం అంబారీ ఏనుగు జోలికి పోవద్దు. రెండు ముక్కలు మాత్రం అతికించి, బాగా ఆరిన తరువాత లాగి చూడండి.