నర్సమ్మ ఊళ్లో ఎందుకు నిలవడం లేదు?

కొత్త నర్సమ్మ వచ్చిందంటే పల్లెలో ఆడవారికి కొండంత ధైర్యం. ఆమె ఇళ్లన్నీ తెలుసుకునేలోగానే బదిలీ చేయించుకుందనో, ఉద్యోగం మానేసిందనో కబురు వస్తుంది. ఉప కేంద్రం తలుపుకు మళ్లీ తాళం పడుతుంది. పల్లెలో ఉండటం ఆమెకు ఇష్టం లేదని రచ్చబండ దగ్గర తీర్పు చెప్పేస్తాం. ఆమె జీతం సంగతి, ఉండే గది సంగతి అడిగినవారు మాత్రం తక్కువ.

పూర్వం మంత్రసానికి జీతం లేదు. చేటెడు బియ్యం, చీర, రవిక ఇచ్చేవారు. కాని ఆమె ఇల్లు ఊళ్లోనే ఉండేది. నర్సమ్మకు చదువు ఉన్నది, శిక్షణ ఉన్నది. ఊళ్లో తలదాచుకునే చోటే చాలాచోట్ల లేదు. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోవలసిందే. నొప్పులు మాత్రం బస్సు వేళలు చూసి రావు.

మైదాన ప్రాంతంలో 5 వేల మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3 వేల మందికి ఒక ఉప కేంద్రం ఉండాలని నిబంధన. ఆ లెక్కలో నాలుగైదు ఊళ్లు, తండాలు కలిసి ఉంటాయి. ఒకప్పుడు తల్లీబిడ్డల సంరక్షణే ఎ.ఎన్.ఎం. ముఖ్యమైన పని. 1973లో కర్తార్ సింగ్ కమిటీ నివేదిక తర్వాత ఇతర ఆరోగ్య కార్యక్రమాలూ ఆమె మీద పడ్డాయి. నేడు టీకాలు, సర్వేలు, రిజిస్టర్లు, వాటికి తోడు ఫోనులో వివరాల నమోదు. గర్భిణి దగ్గర కూర్చుని నాలుగు మాటలు చెప్పే తీరిక తగ్గిపోయింది.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక ఉప కేంద్రాలకు రెండో ఎ.ఎన్.ఎం.ను ఇచ్చారు. అయితే ఆమెను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఒకే గది, ఒకే పని. ఒకరికి స్కేలు, ఇంక్రిమెంటు, మరొకరికి ఏకమొత్తం జీతం. తమను రెగ్యులర్ చేయాలని 2023 ఆగస్టులో తెలంగాణలో రెండో ఎ.ఎన్.ఎం.లు సమ్మెకు దిగారు. తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లోనే పంజాబ్ ఉద్యోగుల కేసులో చెప్పింది.

నర్సమ్మ లేకపోతే ఏమవుతుందో ఈ విలేకరి ఇంట్లోనే తెలిసింది. మొదటి కాన్పుకు ఊరి నర్సమ్మ నెలనెలా బి.పి. చూసింది. కాన్పు సుఖంగా జరిగింది. రెండో కాన్పు నాటికి ఆమె వెళ్లిపోయింది, ఆ స్థానంలో ఎవరూ రాలేదు. కాళ్ల వాపును మామూలే అనుకున్నాం. రాత్రికి రాత్రి పట్నం తీసుకుపోతే బి.పి. బాగా పెరిగిందని ఆపరేషన్ చేశారు. తల్లీబిడ్డ దక్కారు. అప్పు ఇంకా తీరలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు ఆపరేషన్లే. సహజ కాన్పులు పెంచడానికి 2017లో కరీంనగర్ జిల్లా ఆసుపత్రిలో నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫ్ శిక్షణ మొదలైంది. ఇది మంచి పని. కాని శిక్షణ పొందిన చేతులు నిలవకపోతే పెట్టిన ఖర్చు బూడిదలో పోసిన పన్నీరే.

కాంట్రాక్టు నర్సమ్మకు పనికి తగిన జీతం నెలనెలా అందాలి. నీళ్లు, కరెంటు ఉన్న గది కావాలి. రాత్రి పిలుపు వస్తే తోడు, వాహనం కావాలి. జీతం సర్కారు చేతిలో ఉన్నది. గది చూపించడం, రాత్రివేళ తోడు పంపడం మన చేతిలో ఉన్నది. వచ్చే గ్రామసభలో ఈ రెండు మాటలు తీర్మానంగా రాయించి, అధికారులకు పంపితే మంచిది.